లక్ష్మణుడి మంచం

మొన్న ఆదివారం మడతమంచం కొనడానికి వెళ్ళాను. మా అత్తగారు వస్తున్నారు. షాపులో అమ్మాయి, "ఎంత బరువుండే మనిషికి సార్?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇదే షాపులో నేను కిందటిసారి కొన్న మంచం మీద ప్రస్తుతం సీతమ్మవారు పడుకుంటున్నారు. ఆవిడ ఇత్తడి విగ్రహం, పసిపిల్లంత బరువుంటారు. ఎవరి కోసం కొన్నానో ఆయన మాత్రం దాని మీద ఒక్క పూట కూడా నడుం వాల్చలేదు. ఇదంతా మొదలుపెడితే వెనక వరసలో వాళ్ళకి ఆలస్యమవుతుందని, "మామూలు బరువే" అన్నాను. అత్తగారి విషయంలో అది కొంచెం ఉదారమైన అంచనా.

ఆ మంచం బంటింగ్ రామాలయంలో ఉండే, అందరూ తాత అని పిలిచే ఒకాయనకి కొన్నాను. అసలు "ఉండే" అనకూడదు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ ఒక్క మాట ఎవరి నోటా రాకూడదనే మా అందరి తాపత్రయం. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. తాత గుడిలోనే ఉండేవాడు.

మలేసియాలోని సైబర్‌జయలో నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ ఊళ్ళో అన్నీ ఉన్నాయి, పులిహోర తప్ప. బంటింగ్‌లో పాత రబ్బరు తోట దగ్గర ఒక రామాలయం ఉందనీ, శనివారాలు పులిహోర పెడతారనీ తెలిసి వెళ్ళాను. నేను భక్తితో వచ్చానని అక్కడ ఎవరూ పొరబడలేదు. చేతులు కడుక్కుందామని గుడి వెనక్కి మలుపు తిరుగుతుంటే ఒక పొట్టి పెద్దాయన ఎదురొచ్చి నా ఛాతీని ఢీకొన్నాడు. లుంగీ, బనీను, మెడలో తాళంచెవి.

"హారన్ కొట్టవేటి బాబూ?" అన్నాడు కోపంగా.

క్షమించమన్నాను. ఆయన నన్ను వెనక్కి పంపించి, మళ్ళీ రమ్మని, మలుపు దగ్గర నోటితో "పాం పాం" అనిపించి, అప్పుడు దారి ఇచ్చాడు. తెనాలి నుంచి వచ్చి విమానమెక్కిన నేను సెలంగోర్‌లో కాకుండా శ్రీకాకుళంలో దిగానేమో అనిపించిన మొదటి క్షణం అదే.

ఆయనే తాత. ఆ తోటలో లారీ నడిపాడు. లారీ పోయింది, తోట పోయింది, హారన్ మిగిలింది. గోడ మూల ఎక్కడున్నా నోటితో రెండుసార్లు మోగించకుండా తిరిగేవాడు కాదు. ప్రదక్షిణం చేసినా అంతే, నాలుగు మూలలా నాలుగు హారన్లు. ఆయన వెనక ప్రదక్షిణం చేసేవాళ్ళు కూడా మోగించేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో ప్రాచీన ఆచారమనుకుని కళ్ళు మూసుకుని మరీ "పాం పాం" అనడం నేను చూశాను.

రాముడితో ఆయన ఒకే గదిలో అద్దెకున్న స్నేహితుడిలా మాట్లాడేవాడు. గుడిలో ఉన్నది ఒక్కటే టేబుల్ ఫ్యాను. దాన్ని తనవైపు తిప్పుకుంటూ, "నీకు సెమటట్టదు గదా, నాకట్టద్ది" అనేవాడు గర్భగుడి వైపు చూసి. జవాబు కోసం ఒక క్షణం ఆగేవాడు కూడా. అభ్యంతరం రాకపోతే కూర్చునేవాడు.

ఆ గుడికి పన్ను లేదు. ఎందుకు లేదో చెప్పడం తాతకి ఇష్టమైన పని. తెల్లవాళ్ళ కాలంలో తోట మేనేజరు దొర, బంగళా పక్కన తన ప్రార్థన కోసం చిన్న చర్చి కట్టుకున్నాడట. దేవుడి ఇల్లు కదా అని సర్కారు దానికి పన్ను వేయలేదు. అప్పుడు తాత వాళ్ళ తాత కూలీలందరి తరఫునా వెళ్ళి, "మరి మా దేవుడి ఇల్లో దొరా?" అని అడిగాడట. దొర ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడన్నది మాత్రం చెప్పిన ప్రతిసారీ మారేది. ఒకసారి దొర గుర్రానికి జబ్బు చేస్తే రాముడు నయం చేశాడు. ఇంకోసారి దొరసానికి కొడుకు పుట్టాడు. ఇంకోసారి దొర తప్పతాగి ఉన్నాడు. నాకు ఆఖరిదే నమ్మాలనిపించేది.

"ఆలోసించు బాబూ," అనేవాడు తాత. "తెల్లోడి దేవుడూ ఓడెక్కొచ్చినోడే, మనోడూ ఓడెక్కొచ్చినోడే. ఇద్దరూ పరదేశమోళ్ళే లా. ఒకడికి చుకై లేదు, ఒకడికుందంటే బాగుంటాదేటి?"

చుకై అంటే మలయ్‌లో పన్ను. వాక్యం చివర 'లా' అనేది అక్కడి గాలి, ఎవరి నోట్లోకైనా దూరుతుంది. ఆ సామ్రాజ్యం దొరలనీ కూలీలనీ ఒకే వరసలో నిలబెట్టిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. అదీ వాళ్ళ దేవుళ్ళని.

ఒక షరతు పెట్టారు. ఆ కప్పు కింద దేవుడు తప్ప ఇంకెవరూ కాపురం ఉండకూడదు. దొరలు ఓడెక్కి వెళ్ళిపోయారు. రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది, పామాయిల్ పోయి ఫ్యాక్టరీలు వచ్చాయి. షరతు మాత్రం ఇంగ్లీషులోంచి మలయ్‌లోకి మారి, చెక్కుచెదరకుండా ఉంది.

తోట అమ్మేసి కూలీల ఇళ్ళు పడగొట్టినప్పుడు కుటుంబాలున్నవాళ్ళకి ఫ్లాట్లు వచ్చాయి. తాతకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, కాబట్టి ఫ్లాటూ లేదు. రెండ్రోజులుంటానని చెప్పి, మడతమంచం భుజాన వేసుకుని గుడి వెనక గదిలోకి వచ్చాడు. నేను ఆయన్ని చూసేనాటికి ఆ రెండ్రోజులు ఇంకా అవలేదు.

దీనివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. మునిసిపల్ కౌన్సిల్ నుంచి ఒక ఆఫీసరు ఏడాదికోసారి వచ్చి, గుమ్మంలోనే టీ తాగి, దేవుడు బాగున్నాడా అని అడిగి వెళ్ళిపోయేవాడు. ఆయన రిటైరయ్యాడు. కొత్తాయన గదులన్నీ చూస్తానని కబురుపెట్టాడు.

కమిటీ సమావేశమైంది. కమిటీ అధ్యక్షుణ్ణి అక్కడ తమిళంలో తలైవర్ అంటారు. ఈయన బస్సు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు, కంగారు పడడంలో మాత్రం ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. ప్రసాదం వండే అప్పలనర్సమ్మ కూడా వచ్చింది. ఆవిడ గ్లవ్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, మాట తొడుగు లేకుండా వస్తుంది. నేను పులిహోర తింటూ ఉన్నాను కాబట్టి సమావేశంలో ఉన్నట్టే లెక్క.

"తాతా, ఇక్కడ మనిసి కాపరమున్నాడని రాసినారంటే మినాయింపు పోద్ది," అన్నాడు తలైవర్. "ఇల్లని సెప్పి చుకై ఏస్తారు. మనం కట్టలేం. గుడి మూసీవల. నువ్వు మా ఇంటికొచ్చీ."

"మీ ఇంట్లో టీవీ గోల."

"సుంగై సుమున్‌లో మీ సెల్లి కొడుకున్నాడు గదా?"

"ఆడింట్లో ఆడే ఉండలేకపోతన్నాడు."

"మరెక్కడికెల్తావు?" అంది అప్పలనర్సమ్మ.

తాత గర్భగుడి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "నానెల్లిపోతే ఈడికి తోడెవులు?"

ఎవరికి ఎవరు తోడో ఆ క్షణాన అంత స్పష్టంగా లేదు. ఆఖరికి, ఆఫీసరు వచ్చే ఉదయం సామానంతా అప్పలనర్సమ్మ ఇంటికి తరలించి, ఆయన వెళ్ళాక తిరిగి తెచ్చేయడమని తీర్మానించారు. మంచి పథకమే. అయితే ఆఫీసరు చెప్పిన టైముకి గంట ముందు వచ్చేశాడు. ప్రభుత్వోద్యోగి అలాంటి పని చేస్తాడని ఎవరు మాత్రం ఊహిస్తారు?

కళ్ళజోడు పెట్టుకున్న మలయ్ యువకుడు. ఎవరూ చెప్పకముందే బూట్లు విప్పాడు. అది చూసి మాకు ఇంకా భయమేసింది. తాత ముందు నడుస్తూ మలుపు దగ్గర "పాం పాం" అన్నాడు. ఆఫీసరు ఆగి, ఏమిటన్నాడు. "మలుపు గదా, ఎన్చిక్" అన్నాడు తాత. ఎన్చిక్ అంటే అయ్యా అని. ఆఫీసరు ఆలోచించి, తలూపి, వెనకే వెళ్ళాడు.

నాకొచ్చిన మలయ్ హోటల్లో అన్నం అడగడానికి సరిపోతుంది. మిగతాది తలైవర్ నా చెవిలో చెబుతూ వచ్చాడు. తాత మలయ్‌ని నేను ఇక్కడ శ్రీకాకుళం యాసలో రాస్తున్నానంటే అది నా చమత్కారం కాదు. ఆయన మలయ్ కూడా ఆ యాసలోనే ఉండేది.

వెనక గదిలో మంచం పరిచే ఉంది. దిండు, దుప్పటి, దోమతెర, రేడియో, మందుబిళ్ళలు.

"ఇక్కడ ఎవరు పడుకుంటారు అంకుల్?"

తలైవర్ ఊపిరి నా చెవిలో ఆగిపోయింది.

"రాముడు," అన్నాడు తాత.

"దేవుడు పడుకుంటాడా?"

"పొద్దున్నుంచి నిలబడే ఉన్నాడు గదా ఎన్చిక్. కాళ్ళు లాగవేటి? రోజూ రాత్రి ఎనిమిదింటికి పవళింపు సేవ. అంటే తొంగోబెట్టడం."

"దోమతెర?"

"బంటింగ్ దోమలకి బక్తి లేదు లా."

ఆఫీసరు రేడియో నొక్కాడు. తమిళ సినిమా డ్యూయెట్ ఒకటి గది నిండా పరుచుకుంది. తాత కంగారుపడలేదు. "పొద్దుట బక్తి పాటలు. ఆ తరవాత ఆయనిష్టం."

ఆఫీసరు మందుబిళ్ళల అట్ట చేతిలోకి తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇవి బీపీకి కదా?"

"రోజంతా ఇంతమంది కోరికలు ఇంటే ఎవులికైనా రాదేటి?"

అంతా సవ్యంగా జరిగిపోయేదే. కిటికీలో గాజుగ్లాసు ఉంది. గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో ఒక పళ్ళసెట్టు. అది మా అందరివైపూ చూసి నవ్వుతోంది. ఆఫీసరు దాన్ని చూశాడు. తర్వాత తాత బోసినోటిని చూశాడు. రాముడికి కట్టుడుపళ్ళు అంటగట్టడానికి తాతకి కూడా మనసొప్పలేదనుకుంటాను. గ్లాసులో చెయ్యిపెట్టి, తీసి, నోట్లో పెట్టుకుని, స్పష్టమైన ఉచ్చారణతో చెప్పాడు.

"ఇయ్యి నాయే. పళ్ళే ఇక్కడుంటాయి ఎన్చిక్. నానుండను."

ఆఫీసరు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. భుజాలు కొంచెం కదిలాయి. ఇటు తిరిగేసరికి ముఖం మళ్ళీ ప్రభుత్వంలా ఉంది. "ఎనిమిదింటి సేవ నేను చూడొచ్చా అంకుల్?" అన్నాడు.

"సూడొచ్చు," అన్నాడు తాత.

ఆయన అటు వెళ్ళగానే తలైవర్ మెట్టు మీద కూలబడ్డాడు. ఆ గుడి పుట్టాక ఎన్నడూ పవళింపు సేవ జరగలేదు. ఎలా చేస్తారో ఎవరికీ తెలియదు. యూట్యూబ్‌లో చూద్దామన్నాను. "మజ్జిలో సబ్బు ప్రకటనొస్తే సామి లెగిసిపోడేటి?" అని అప్పలనర్సమ్మ కొట్టిపారేసింది. తన మనవలకి పాడే జోలపాట పాడతానంది. ఆ పాటకి మనవలు నిద్రపోయేవారా అంటే, గొంతు విని భయపడి కళ్ళు మూసుకునేవారని తలైవర్ అన్నాడు. ఏదైతేనేం, ఫలితం కనబడుతుంది.

ఎనిమిదింటికి ఆఫీసరు వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. తాత స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకున్నాడు. మంచం మీద కొత్త దుప్పటి పరిచి, నాలుగు మూలలూ లాగి, అరచేత్తో తడిమి చూశాడు. ఉత్సవాలకి ఊరేగించే ఇత్తడి రాముణ్ణి రెండు చేతులా ఎత్తుకుని తెచ్చి పడుకోబెట్టాడు. దిండు సర్ది, గుండెలదాకా దుప్పటి కప్పాడు. దోమతెర దించి, అంచులు పరుపు కిందికి దోపాడు. ఫ్యాను తెచ్చి, మొట్టమొదటిసారి రాముడివైపు తిప్పాడు. అప్పలనర్సమ్మ పాడింది. ఆశ్చర్యం, మెల్లగానే పాడింది. ఆఖరికి తాత దీపం తగ్గించి వచ్చాడు.

"తిదూర్?" అన్నాడు ఆఫీసరు గుసగుసగా. పడుకున్నాడా అని.

"తిదూర్," అన్నాడు తాత, ఇంకా మెల్లగా.

ఆఫీసరు మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. గుడిలో కాపురముండే మనిషి ఎవరూ లేరని రాశాడు. పన్ను లేదు. మేం ఒకళ్ళనొకళ్ళం కౌగిలించుకున్నంత పనిచేశాం.

"ఇంక సామిని లోపల పెట్టీసి నువ్వు తొంగో తాతా," అన్నాడు తలైవర్.

తాత ఆయన్ని ఎగాదిగా చూశాడు. "తొంగున్నోణ్ని లేపుతానేటి?"

ఆ రాత్రి తాత నేలమీద చాప వేసుకున్నాడు. మర్నాడు రాత్రి కూడా అంతే. ఆఫీసరు ఇంకో ఏడాదిదాకా రాడని ఎంత చెప్పినా వినలేదు. "ఒక్క పూట మంచమెక్కించీసి, మర్నాడు నిలబడమంటే ఎలాగ? నీకైతే బాగుంటాదేటి?" అనేవాడు. అలా అధికారుల ముందు ఆడిన ఒక చిన్న అబద్ధం ఆ గుడిలో నిత్యసేవ అయి కూర్చుంది. దేవుడికి పన్ను తప్పించి, ఆయన తన మంచం పోగొట్టుకున్నాడు. పైగా ఫ్యాను కూడా.

నెల తిరిగేసరికి ఆయన నడుం పట్టేసింది. నేను సైబర్‌జయలో మడతమంచం కొని, కారు మీద కట్టుకుని తీసుకెళ్ళాను. తాత దాన్ని విప్పి, కూర్చుని, స్ప్రింగులు పరీక్షించి, కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు.

"నాకు తట్టనే లేదు బాబూ," అన్నాడు. "రాముడొక్కడే తొంగుంటన్నాడు. సీతమ్మోరి సంగతేటి?"

ఆ తర్వాతి శనివారం వెళ్ళేసరికి రెండు మంచాల మీద ఇద్దరు దేవుళ్ళు. చాప మీద తాత.

ఈసారి అప్పలనర్సమ్మ ఆడవాళ్ళందరినీ కూడగట్టి మూడోది కొనిపించింది. ఇచ్చేటప్పుడే, "ఇది నీకు. సాముల్లెవులికీ కాదు" అని కుండబద్దలు కొట్టింది. తాత వినయంగా తలూపాడు. సాయంత్రానికి దాని మీద లక్ష్మణుడు ఉన్నాడు. "అన్నావొదినలకి మంచాలేసి ఆణ్ని నిలబెడితే బాగుంటాదేటి?" అన్నాడట. అప్పలనర్సమ్మ రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. హనుమంతుడు జ్ఞాపకం వస్తాడేమోనని మేమంతా ఆ పేరు ఎత్తడం మానేశాం.

అయితే ఒక శనివారం పొద్దున్నే వెళ్ళాను. రాముడి దుప్పటి, సీతమ్మవారి దుప్పటి ముడత లేకుండా ఉన్నాయి. మూడోది మాత్రం బాగా నలిగి, ఒక మూల కిందికి వేలాడుతోంది. లక్ష్మణుడు మంచం మీద లేడు. గుమ్మం పక్కన, వీధివైపు తిరిగి నిలబడి ఉన్నాడు, చేతిలో విల్లుతో. తాత నడుం నిటారుగా పెట్టుకుని, హాయిగా పళ్ళు తోముకుంటున్నాడు. పళ్ళు చేతిలో ఉన్నాయి.

"ఏమిటి తాతా ఇది?"

"పద్నాలుగేళ్ళు అడివిలో రెప్పెయ్యకుండా కాపలా కాసినోడు బాబూ. ఆడు మంచమేస్తే తొంగుంటాడేటి? సూసినాను, సూసినాను, ఒక్క రోజూ కన్ను ముయ్యలేదు. గుమ్మంకాడ డూటీకి ఎల్లిపోతానన్నాడు."

"ఆయనే అన్నాడా?"

"మరి నాను సొంతానికి అంటానేటి?" అని పళ్ళు జాడించుకున్నాడు. "మంచం ఊరకే కాళీగా ఉంటే ఆడికే బాధ లా."

అప్పలనర్సమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఫ్యాక్టరీలో ఉన్నానని కూడా చూసుకోకుండా ఆవిడ కేక వేసి నవ్వింది.

ఏడాది తిరిగింది, ఆఫీసరు వచ్చాడు. ఈసారి మలుపు దగ్గర తాతకన్నా ముందు తనే "పాం పాం" అన్నాడు. వెనక గదిలో మూడు మంచాలు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరిది ఏదో తాత వివరించాడు. ఆఫీసరు ముక్కు మీదికి జారిన కళ్ళజోడులోంచి మూడో మంచాన్ని పరిశీలించాడు.

"ఆ రెండూ నలగలేదు అంకుల్. ఇదెందుకు నలిగింది?"

"లచ్చుమన్నకి నిద్దరట్టదు ఎన్చిక్. దొర్లుతాడు. దొర్లి దొర్లి ఇసుగొచ్చి, అదిగో, గుమ్మంకాడికి ఎల్లిపోతాడు."

తర్వాత అడవీ, అన్నా వదినల గుడిసే, బయట రాత్రంతా నిలబడ్డ తమ్ముడూ, మొత్తం కథ చెప్పాడు. ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు.

"మా నాన్న ఫ్యాక్టరీ వాచ్‌మన్," అన్నాడు చివరికి. "సెలవు దొరికినా ఆయనకి రాత్రి నిద్రపట్టేది కాదు. ఇలాగే దొర్లేవాడు." చేత్తో ఆ దుప్పటి మూల ఎత్తి మంచం మీద వేశాడు. కాపురముండే మనిషి లేడని రాసి వెళ్ళిపోయాడు.

కిందటి వానాకాలం ఒక మధ్యాహ్నం తాత అన్నం తిని లక్ష్మణుడి మంచం మీద నడుం వాల్చాడు. ఇంక లేవలేదు. పడుకున్నవాణ్ణి లేపకూడదని ఆయనే నియమం పెట్టాడు కాబట్టి చాలాసేపు ఎవరూ లేపలేదు.

ఆయన్ని సాగనంపేటప్పుడు గుడి చుట్టూ ఒకసారి తిప్పారు. నాలుగు మూలలా జనమంతా హారన్ కొట్టారు. దారినపోయే చైనీస్ ముసలాయన ఒకడు మోటర్‌సైకిలు ఆపి, ఎందుకో ఏమిటో తెలియకుండానే, నిజం హారన్ కొట్టాడు.

మూడో మంచం తీసేద్దామా అని తలైవర్ అడిగాడు. అప్పలనర్సమ్మ చూసిన చూపుకి ఆ ప్రశ్న ఆయన వెనక్కి తీసుకున్నాడు. రోజూ ఎనిమిదింటికి ఆవిడే మూడు దుప్పట్లూ పరుస్తుంది, పాడుతుంది. లక్ష్మణుడు గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఫ్యాను రాముడివైపే ఉంది.

పోయిన నెల ఆఫీసరు వచ్చాడు. ఎలా చెప్పాలా అని తలైవర్ పొద్దుట్నుంచీ మాటలు కూడబలుక్కున్నాడు గానీ ఆయన ఏమీ అడగలేదు. బూట్లు విప్పి, మలుపు దగ్గర హారన్ కొట్టి, వెనక గదిలోకి వచ్చాడు. కిటికీలో గాజుగ్లాసు బోర్లించి ఉంది. దాన్ని చూశాడు. తర్వాత మూడో మంచం దగ్గర నిలబడ్డాడు. దుప్పటి మీద ఒక్క ముడత లేదు.

"దొర్లడం లేదా?" అన్నాడు.

"లేదు," అన్నాను. ఆపాటి మలయ్ నాకూ వచ్చింది.

"తిదూర్?"

"తిదూర్."

ఆయన కాపురముండే మనిషి లేడని రాసుకున్నాడు. ఆ మాట రాయడానికి మొదటి రెండేళ్ళకన్నా ఈసారే ఎక్కువసేపు పట్టింది. తర్వాత మునివేళ్ళ మీద బయటికి నడిచాడు, వెనకే మేమూ. మలుపు దగ్గర అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను. ఆయన గభాలున వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.